అనంతపురం ఎండలో మూడు వేల రూపాయల వాటర్ కూలింగ్: ఏ భాగం ఎంతవరకు పనికొచ్చింది

అనంతపురంలో పెళ్లిళ్ల కాలం, ఎండల కాలం ఒకేసారి వస్తాయి. కమలానగర్‌లోని మా స్టూడియోకు ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఆ నెలల్లోనే వస్తుంది, కంప్యూటర్‌కు అసలు పరీక్షా అప్పుడే. ముందు హాలులో వచ్చినవాళ్ల కోసం పెద్ద గది కూలర్ పెట్టాం. వీడియోలు కూర్చే గది మాత్రం లోపల ఉంది, దానికి కిటికీ లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడ 40 డిగ్రీలు మామూలు. మా కంప్యూటర్‌లో ఉన్నది రైజెన్ 5 3600 ప్రాసెసర్, దానితో పాటు డబ్బాలో వచ్చిన చిన్న ఫ్యాన్. కూర్చిన పెళ్లి వీడియోను చివరి ఫైలుగా తీసే ఎక్స్‌పోర్ట్ మొదలైన కాసేపటికే వేడి 95 డిగ్రీలకు చేరేది. ఆ ప్రాసెసర్‌కు తయారీదారు పెట్టిన హద్దు అదే. హద్దు తాకగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, రాత్రికి ఇవ్వాల్సిన వీడియో మర్నాటికి జరుగుతుంది.

మా తమ్ముడూ నేనూ కలిసి విడివిడిగా భాగాలు కొని బిగించుకున్న వాటర్ కూలింగ్ గురించి రాస్తున్నాను. మొత్తం ఖర్చు 3,100 రూపాయలు. రేడియేటర్‌కు కట్టిన రెండు ఫ్యాన్లు పాత కంప్యూటర్ క్యాబినెట్‌వి, వాటి ఖరీదు ఇందులో లేదు.

ముందుగా ఒక మాట. నీళ్లు వాడితే గదికన్నా చల్లగా అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. నీరు వేడిని ఎక్కించుకుని రేడియేటర్ దగ్గర దింపుతుంది, అంతే. రేడియేటర్ చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీలైతే నీరు అంతకన్నా కిందికి దిగదు. రేడియేటర్‌ను కూడా కంప్యూటర్ పక్కనే పెట్టేటట్టయితే ఈ శ్రమంతా అనవసరం. సుమారు 2,000 రూపాయలకు మంచి టవర్ కూలర్, అంటే ప్రాసెసర్ మీదే నిలబెట్టే లోహపు రెక్కలు, ఫ్యాను ఉన్న కూలర్ దొరుకుతుంది, అది కొనుక్కోండి. కారుతుందన్న భయం ఉండదు, ఏళ్ల తరబడి దానివైపు చూడాల్సిన పని ఉండదు. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మాకు నీరే కావాల్సి వచ్చింది వేడిని గది దాటించడానికి. గోడకు చిన్న రంధ్రం చేసి, రెండు పైపులు హాలులోకి తెచ్చి, గది కూలర్ గాలి తగిలే చోట రేడియేటర్ నిలబెట్టాం. టవర్ కూలర్ ఎంత ఖరీదైనదైనా ఈ పని చేయలేదు. మా ఊరి పొడి గాలి ఇక్కడ మన పక్షాన నిలుస్తుంది. గాలిలో తేమ ఎంత తక్కువ ఉంటే తడి గడ్డిలోంచి వచ్చే గాలి అంత చల్లబడుతుంది. బయట 41 ఉన్నప్పుడు మా కూలర్ ముందు థర్మామీటర్ 29 చూపించింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో ఇంత తేడా ఆశించకండి.

పైపుల మీద చెమట పట్టి కంప్యూటర్‌లో నీటి చుక్కలు పడతాయేమోనని తమ్ముడు భయపడ్డాడు. ఐసు పెట్టెతోనో ఏసీ యంత్రంతోనో నీటిని చల్లబరిస్తే ఆ భయం నిజమే. తడి గడ్డి గాలితో ఆ ప్రమాదం లేదు. నీరు ఆవిరై చల్లబడే గాలి, తేమ చుక్కకట్టే ఉష్ణోగ్రత కన్నా కిందికి ఎన్నడూ వెళ్లదు. పైగా పైపులో తిరిగే నీరు ఆ గాలికన్నా ఎప్పుడూ కొంచెం వెచ్చగానే ఉంటుంది.

ఇక భాగాల సంగతి. 1,150 రూపాయల 240 మిల్లీమీటర్ల అల్యూమినియం రేడియేటర్ ఈ మొత్తంలో అత్యుత్తమమైన కొనుగోలు. ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఒక మూల రెక్కలు వంగి వచ్చాయి, పల్చటి స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవాల్సి వచ్చింది. లోపల తయారీ నాటి పొడి ఉంటుంది కాబట్టి గోరువెచ్చటి నీళ్లు పోసి, ఊపి, తేటనీరు వచ్చేదాకా కడగాలి.

ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీటికి ఎక్కించే వాటర్ బ్లాకు 450 రూపాయలు, 40 మిల్లీమీటర్ల చదరపు అల్యూమినియం ముక్క. ప్రాసెసర్ మీద సరిగ్గా సరిపోతుంది, కానీ బిగించడానికి దానితో ఏమీ ఇవ్వరు. కిటికీ ఫ్రేములు చేసే అతని దగ్గర మందపాటి పట్టీ కోయించి, మదర్‌బోర్డు రంధ్రాల దూరానికి తూట్లు వేయించాం. మా ప్రాసెసర్ అమరే ఏఎం4 రకం మదర్‌బోర్డులకు ఆ దూరం 90, 54 మిల్లీమీటర్లు. స్క్రూల కింద స్ప్రింగులు వేసి, నాలుగు మూలలూ కొద్దికొద్దిగా సమంగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే బ్లాకు వాలుతుంది, వేడి బాగా దాటడానికి మధ్యలో రాసే థర్మల్ పేస్టు రెండోవైపు పరచుకోదు. రాగి బ్లాకు వేడిని ఇంకా బాగా లాగుతుంది, అయినా నేను దాని జోలికి వెళ్లలేదు. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. కంపెనీలు సీలు చేసి అమ్మే కూలర్లలో ఆ రెండూ కలిసే ఉంటాయి, కానీ వాళ్లు అందుకు తగిన రసాయనం కలిపి మూసేస్తారు.

పంపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు మిగిల్చాలనుకునేవాళ్లు చేయి పెట్టేది ఇక్కడే. గది కూలర్‌లో వాడే పంపు చవకగా దొరుకుతుంది. అది నీటిలో మునిగి, నేరుగా ఇంటి కరెంటుతో నడుస్తుంది. దాని వేడి కూడా నీటిలోకే చేరుతుంది, ఇన్సులేషన్ దెబ్బతింటే నీటికి కరెంటు వస్తుంది. కంప్యూటర్‌తో పాటు దానంతట అది వెలగదు, ఆగదు. నీళ్ల ఫిల్టర్లు బాగుచేసే అబ్బాయి పాత ఆర్వో పంపు ఇస్తానన్నాడు. అది ఒత్తిడి కోసం చేసిన పంపు, ప్రవాహం కోసం కాదు. పైగా 24 వోల్టులది, దడదడ శబ్దం చేస్తుంది. మేము 480 రూపాయల 12 వోల్టుల బ్రష్‌లెస్ పంపు తీసుకుని కంప్యూటర్ పవర్ సప్లయ్‌కే కలిపాం. ఈ రకం పంపు నీటిని తనకు తాను పైకి పీల్చుకోలేదు, అందుకే నీటి డబ్బా పైన, పంపు కింద ఉండాలి.

పెద్ద పంపు అవసరమా అన్నదానికి లెక్క ఉంది. నిమిషానికి ఒక లీటరు పారితే, 100 వాట్ల వేడికి నీరు పెరిగేది ఒకటిన్నర డిగ్రీల లోపే. మా పైపుల మొత్తం పొడవు తొమ్మిది మీటర్లు. ఆ దూరం తిరిగాక కూడా లీటరు సీసా నలభై సెకన్లలో నిండింది. అది చాలు.

పైపు విషయంలో పొదుపు చేయకండి. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక పైపు సగం ధరకే వస్తుంది గానీ, వేడికి మెత్తబడి మలుపుల దగ్గర నొక్కుకుపోతుంది. మేము సిలికాన్ పైపు మీటరు 60 రూపాయల చొప్పున కొన్నాం. క్లిప్పుల కోసం వీధి చివర ఆటో విడిభాగాల దుకాణానికి వెళితే ఆయన స్క్రూ క్లిప్పులు పక్కన పెట్టేశారు. "అమ్మా, ఇది మెత్తటి పైపు, స్క్రూ క్లిప్పు దీన్ని కోసేస్తుంది. పెట్రోలు పైపుకు వేసే స్ప్రింగు క్లిప్పు తీసుకోండి" అన్నారు. పైపు ముక్క చేతిలో పట్టుకుని వెళ్లాను కాబట్టి సైజు కుదిరింది. ఆయన సలహా పుణ్యమా అని ఒక్క అతుకు దగ్గరా చెమ్మ రాలేదు.

నీరు మాత్రం బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే వాడండి. మా బోరు నీళ్లు గిన్నెల్లోనే తెల్లటి పొర కడతాయి, సన్నటి దారులున్న బ్లాకులో పోస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇరవై లీటర్ల క్యాను నీళ్లలో కూడా లవణాలు కొంత మిగులుతాయి. మట్టి కుండలో నీళ్లు తిప్పితే ఇంకా చల్లబడుతుందని ఒక మిత్రుడు సూచించాడు. చల్లబడే మాట నిజం. కానీ ఆవిరైనకొద్దీ నీళ్లు పోస్తూ ఉండాలి, లవణం పేరుకుంటూ ఉంటుంది, దుమ్ము, పాచి దానికి తోడు. నాలుగు వంతుల నీటికి ఒక వంతు కారు కూలెంట్ కలిపాం, తుప్పు పట్టకుండా. అది తియ్యగా ఉండే విషం. పిల్లలు తిరిగే చోట డబ్బా మూత గట్టిగా ఉండాలి, పారబోసేటప్పుడు కుక్కలకు, ఆవులకు అందకుండా చూడాలి.

కంప్యూటర్ వెలిగించకముందు పంపును మాత్రమే విడిగా 12 వోల్టుల అడాప్టర్‌తో రాత్రంతా తిప్పాం. ప్రతి అతుకు కింద టిష్యూ కాగితం చుట్టి ఉంచాం. ఈ పని వదిలేసి తొందరపడేవాళ్లకు ఈ పద్ధతి వద్దు.

ఫలితం ఇది. అదే గది, అదే వీడియో. ముందు 95, వేగం పడిపోయేది. ఇప్పుడు గది కూలర్ నడుస్తుంటే 66. కరెంటు పోయి, యూపీఎస్ మీద కంప్యూటర్ మాత్రమే నడిచేటప్పుడు కొంతసేపటికి 78 వరకు వెళుతుంది, అయినా వేగం తగ్గదు. చిన్న ఫ్యాన్ గోల పోయింది కాబట్టి మంత్రాల శబ్దం సరిచేసేటప్పుడు ఇప్పుడు చెవికి ప్రతి అక్షరం వినిపిస్తోంది. నాకు డిగ్రీల కన్నా ఇదే గొప్ప లాభం.

లోపాలు లేకపోలేదు. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము త్వరగా పడుతుంది, వారానికోసారి బ్రష్ పట్టాల్సిందే. గది కూలర్ నీటి తుంపర నేరుగా తగలకుండా మూడడుగుల దూరంలో పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పంపుకు రెండే తీగలు. అది ఎంత వేగంతో తిరుగుతోందో, అసలు తిరుగుతోందో లేదో కంప్యూటర్‌కు తెలియదు. అందుకే 85 డిగ్రీలు దాటితే మోగే అలారం పెట్టుకున్నాం, అలాంటిదే ఇంకో పంపు కొని సొరుగులో ఉంచాం. పెళ్లిళ్ల మధ్యలో పాడైతే కొరియర్ కోసం ఎదురుచూడటం కుదరదు.