రుసుముకు తగిన ఒక్క అధ్యాయం: ఒక ఆన్‌లైన్ భౌతికశాస్త్ర పాఠ్యక్రమంపై సమీక్ష

సాంఖ్యక భౌతికశాస్త్రంపై నేను రుసుము చెల్లించి చూసిన ఈ పాఠ్యక్రమంలో చాలా అధ్యాయాలు సాధారణంగానే ఉన్నాయి. అయితే 1941లో భౌతికశాస్త్రవేత్తలు క్రామర్స్, వానియర్ ప్రకటించిన ద్వంద్వతను, అంటే ఒక నమూనా అధిక, అల్ప ఉష్ణోగ్రతల రూపాలను జతచేసే సంబంధాన్ని, వివరించిన అధ్యాయం మాత్రం అసాధారణంగా ఉంది.

చతురస్ర జాలకంపై ఐసింగ్ నమూనాను (ప్రతి బిందువు వద్ద పైకో కిందికో చూసే ‘స్పిన్’ ఉండే అయస్కాంత నమూనాను) తీసుకుంటే, అధిక ఉష్ణోగ్రత వద్ద, అంటే స్పిన్‌ల మధ్య కప్లింగ్ (ఉష్ణోగ్రతతో పోల్చిన పరస్పర ప్రభావ బలం) బలహీనంగా ఉన్నప్పుడు, పార్టిషన్ ఫంక్షన్ (అన్ని స్థితుల సంభావ్యతా భారాల మొత్తం) మూసుకున్న గీతల మొత్తంగా వస్తుందని, అల్ప ఉష్ణోగ్రత వద్ద వ్యతిరేక స్పిన్‌ల ప్రాంతాలను వేరుచేసే సరిహద్దులు కూడా అటువంటి మూసుకున్న గీతలేనని బోధకుడు గళ్ల కాగితంపై రెండు రంగుల్లో గీసి చూపించారు. ఈ పోలిక వల్ల బలహీన కప్లింగ్ కె కు ఒక బలమైన జంట కప్లింగ్ దొరుకుతుంది. ఆ రెండింటి రెట్టింపు విలువల హైపర్‌బోలిక్ సైన్‌ల లబ్ధం 1. సందిగ్ధ బిందువు, అంటే నమూనా దశ మారే చోటు, ఒక్కటే అయితే అక్కడ రెండూ సమానం కాక తప్పదు గనుక, 1944లో ఆన్‌సాగర్ ఇచ్చిన పూర్తి పరిష్కారంతో పని లేకుండానే కె విలువ సుమారు 0.4407 అని తేలుతుంది. ఈ లెక్కను నేను కాగితంపై రెండుసార్లు చేసుకున్నాను, కేవలం సంతోషం కోసం.

లోపాలూ ఉన్నాయి. ‘బిందువు ఒక్కటే అయితే’ అన్న షరతు ఎంత ముఖ్యమో చెప్పకుండా దాటవేశారు. త్రిభుజ జాలకానికి జంట షడ్భుజ జాలకమని ఒక్క వాక్యంలో ముగించారు. త్రిమితీయ ఐసింగ్ నమూనాకు జంట ఒక గేజ్ నమూనా (స్థానికంగా స్పిన్‌లను తిప్పినా శక్తి మారని నమూనా) అని 1971లో వెగ్నర్ చూపిన విషయం అసలు లేదు. అభ్యాసాలకు జవాబులు కూడా ఇవ్వలేదు.