వెస్టాని చూపించిన 10×50 బైనాక్యులర్
కొని ఆరు నెలలైంది, అసలు కొన్నదే వెస్టా అనే గ్రహశకలం (ఆస్టరాయిడ్) కోసం. డాబా మీద ఆకాశంలో ఏది ఎక్కడుందో చూపించే స్టెల్లారియం యాప్ పెట్టుకుని వెతికితే చిన్న చుక్కలా దొరికింది, నాలుగు రోజులాగి చూస్తే పక్క నక్షత్రాల మధ్య జరిగిపోయి ఉంది, అబ్బ ఆ ఆనందం చెప్పలేను! 1807 మార్చి 29న జర్మనీలోని బ్రెమెన్‌లో ఓల్బర్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టింది దీన్నే. దాదాపు 525 కిలోమీటర్ల రాయి, ఐదున్నర గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది, దక్షిణ ధ్రువం దగ్గర సుమారు 500 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి, దాని నడిమధ్య 20 కిలోమీటర్ల ఎత్తు కొండ, 2011లో నాసా వాళ్ల డాన్ అంతరిక్ష నౌక వెళ్లి దగ్గర్నుంచి ఫొటోలు తీసింది. బైనాక్యులర్‌లో మాత్రం చుక్కే, అవన్నీ ఆశించకండి. లెన్సులు క్లియర్‌గా ఉన్నాయి కానీ బరువెక్కువ, చేతులు వణుకుతాయి, ట్రైపాడ్ అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి. నాలుగు స్టార్లు.