వంటనూనెతో నడిచే లారీకి ఏ ఫ్యూయల్ ప్రెషర్ మీటరు మేలు: మెకానికలా, ఎలక్ట్రికా, వాక్యూమా?

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుండగా పుల్లింగ్ తగ్గితే డ్రైవరు అనుమానం ముందు ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే నాజిళ్ల మీదికే పోతుంది. డీజిల్ ట్యాంకు ఉంచి, పక్కన ఇంకో ట్యాంకు పెట్టి కానుగ నూనెకో, వాడేసిన పామాయిల్‌కో మార్చిన బండిలో మాత్రం ఇంజెక్షన్ పంపుకు నూనె చాలినంత అందుతోందా అన్నది ముందు చూడాలి. అది చెప్పేదే ఈ మీటరు. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్. ఈ నూనెలది 30కి పైనే. 70–80 డిగ్రీలకు వేడి చేసినా డీజిలంత పల్చబడవు. డిసెంబరు తెల్లవారుజామున పొట్టంగి, సెమిలిగుడ వైపు ఆగిన బండిలో హోటల్ పామాయిల్ ఉంటే ట్యాంకు జాలీ దగ్గరే గడ్డకట్టవచ్చు.

ఇదంతా ఇన్‌లైన్ పంపు (సిలిండర్లన్నిటికీ వరుసగా ప్లంజర్లుండే మెకానికల్ ఇంజెక్షన్ పంపు) ఉన్న పాత ఇంజన్ల మాట. కంప్యూటరు నియంత్రణతో నడిచే కామన్ రైల్ బండిలో ఈ నూనె పోయకండి.

మెకానికల్ మీటరు చవక, కరెంటు అక్కర్లేదు. కానీ వేడి నూనె ఉన్న పైపును క్యాబిన్‌లోకి తేవాలి. లీకైతే డ్రైవరు కాళ్ల మీదే పడుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది: మీటరు లోపలి గొట్టం సాధారణంగా ఇత్తడి జాతిది. రాగి కలిసిన లోహం తగిలితే నూనె త్వరగా జిగురవుతుంది. ఆ సన్నదారి పూడుకుపోయాక ముల్లు ఉన్నచోటే నిలబడిపోతుంది. ప్రెషర్ పడిపోయినా మీటరు బాగానే ఉందని చూపిస్తుంది, అసలు ప్రమాదం అదే. ఇదే పెట్టాలనుకుంటే స్టీలు గొట్టం ఉన్నది కొని, క్యాబిన్ బయట బిగించండి.

ఎలక్ట్రిక్ దాంట్లో నూనె సెండర్ (ప్రెషర్‌ను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) దగ్గరే ఆగిపోతుంది, క్యాబిన్‌లోకి వైరు మాత్రమే వస్తుంది. మా ఓటు దీనికే. 24 వోల్టుల బండికి 12 వోల్టుల మీటరు తగిలించకండి, కాలిపోతుంది. సెండర్‌ను నేరుగా పంపు మీద వేలాడదీస్తే అదురుకు పాడవుతుంది. జానెడు వైటాన్ (వేడి నూనెకు ఆగే రబ్బరు) హోస్ పెట్టి ఛాసిస్ బ్రాకెట్‌కు బిగించాలి. మామూలు రబ్బరు ఈ నూనెకు ఎక్కువకాలం ఆగదు. ఒకే టెర్మినల్ ఉన్న సెండర్‌కు బాడీయే ఎర్త్. మరలకు టెఫ్లాన్ టేపు దండిగా చుడితే ఎర్త్ తెగి రీడింగ్ తప్పుతుంది, అందుకే విడిగా ఎర్త్ వైరు లాగండి. ట్యాంకు నుంచి నూనె లాగి ఫిల్టరుకు తోసే ఫీడ్ పంపు కొట్టే దెబ్బలకు ముల్లు వణుకుతుంటే దారిలో చిన్న రంధ్రమున్న బిళ్ల వేయవచ్చు. రంధ్రం మరీ సన్నగా ఉంటే జిగురుకు అదీ పూడిపోతుంది.

ఏ రకమైనా, పెట్టే చోటు ముఖ్యం. ఫిల్టరుకు ముందు పెడితే ఫిల్టరు మూసుకుపోయే కొద్దీ ప్రెషర్ పెరుగుతుంది, అవతల పంపు మాత్రం ఎండుతుంటుంది. ఫిల్టరు తర్వాత, ఇంజెక్షన్ పంపు ఇన్‌లెట్ బాంజో బోల్టు (పైపును పంపుకు కలిపే బోలు బోల్టు) దగ్గరే పెట్టాలి. 0–4 కేజీల (చదరపు సెంటీమీటరుకు) మీటరు చాలు. 10 కేజీలదైతే ముల్లు కదలిక కంటికి ఆనదు. కొత్త ఫిల్టరుతో, డీజిల్ మీద, ఐడిల్‌లోనూ లోడుతో ఘాటీ ఎక్కేటప్పుడూ ఎంత చూపిందో రాసి పెట్టుకోండి. నూనె మీద అదే ఘాటీలో అందులో మూడో వంతు మేర తగ్గితే ఆగి చూడాల్సిందే.

వాక్యూమ్ మీటరు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పెట్టేది. ఒక్కటే కొనగలిగితే ఇది వద్దు, ఫిల్టరు మూసుకుపోతే దీనికి తెలియదు. రెండూ ఉంటే మాత్రం తప్పెక్కడో రోడ్డు మీదే తేలిపోతుంది. ప్రెషర్ తగ్గి వాక్యూమ్ పెరిగితే ట్యాంకు జాలీయో, సక్షన్ పైపో, చల్లబడి చిక్కబడిన నూనెయో. రెండూ తక్కువగా ఉంటే ముందు ఫిల్టరు మార్చండి. అప్పటికీ లేవకపోతే ఫీడ్ పంపు వాల్వులు చూడండి. ముల్లు ఊగిసలాడుతూ రిటర్న్ పైపులో బుడగలు కనిపిస్తే సక్షన్ వైపు ఏదో క్లిప్పు వదులై గాలి పడుతోంది. వాక్యూమ్ ఎక్కువయ్యే కొద్దీ ఆ గాలి ఇంకా జోరుగా లాగుతుంది.

ఘాటీ మధ్యలో ప్రెషర్ పడితే గేరు దించి లాగించడం కాదు, వెంటనే డీజిల్ ట్యాంకుకు మార్చండి. ముల్లు తిరిగి లేస్తే తప్పు నూనె వైపే ఉంది. లేవకపోతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫిల్టరు, ఫీడ్ పంపు వైపు వెతకండి.