బరంపురంలో జలసాథి సేవ, దానికి దక్కవలసిన గుర్తింపు

ఒడిశా పట్టణాల్లో కుళాయి నీటి బిల్లుల పనిని, ఇంటింటి నీటి పరీక్షను స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించి కొన్నేళ్లయింది. 2001 మార్చి 8న మొదలైన ఒడిశా ప్రభుత్వ కార్యక్రమం మిషన్ శక్తి ద్వారా ఊరూరా ఏర్పడిన సంఘాల నుంచే వీరిని ఎంచుకుంటారు. జలసాథి అని పిలుస్తారు. మీటరున్న ఇళ్లలో మీటరు చూసి, చేతి యంత్రంతో అక్కడికక్కడే బిల్లు తీసి, డబ్బు కట్టించుకుని రసీదు ఇవ్వడం వీరి పని. కొత్త కుళాయి కావలసినవారి దరఖాస్తు పంపించేదీ, నీరు సరిగా రాకపోతే ఆ మాట పైవారికి చేరవేసేదీ వీరే. నెల జీతమంటూ ఉండదు. వసూలైన బిల్లులో కొంత వాటా, కొత్త కనెక్షనుకు కొంత ప్రోత్సాహకం, అంతే. బరంపురంలోని మా వీధిలో ఈ సేవను దగ్గరగా చూస్తున్నవాడిగా, సేవ గురించీ, చేస్తున్నవారికి మనం ఇస్తున్న గుర్తింపు గురించీ నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందుగా నీటి పరీక్ష. మా వీధికి వచ్చే జలసాథి కుళాయి కాసేపు వదిలేసి, ఆ తరువాతి ధార నుంచి చిన్న గొట్టంలో గీత వరకు నీళ్లు పట్టి, సీసాలోని మందు కొన్ని చుక్కలు వేసి మెల్లగా తిప్పుతుంది. నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటే లేత పసుపు రంగు తేలుతుంది. ఆ రంగును అట్ట మీది రంగులతో పోల్చి చూసి పుస్తకంలో రాసుకుంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అంతకన్నా తగ్గితే, దారిలో ఎక్కడో గొట్టం పగిలి మురుగు కలిసినా ఆ నీటికి తట్టుకునే బలం ఉండదు. మా పక్కింటి మామ్మగారు పసుపు రంగు కనిపించేదాకా గుమ్మంలోనే నిలబడి చూస్తారు. నీళ్లు బాగున్నాయని కాగితం మీద చదవడం వేరు, మన కుళాయి నీళ్లే మన కళ్లముందు రంగు మారడం వేరు.

ఈ ప్రాంతంలో ఈ పరీక్ష విలువ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తినప్పుడూ, కరెంటు పోతే మోటార్లు ఆగిపోవడం, మోటార్లు ఆగితే కుళాయిలు ఎండిపోవడం అందరం అనుభవించాం. అటువంటి రోజుల తరువాత మొదటిసారి వచ్చే నీటిని నమ్మాలంటే, వీధి వీధికీ తిరిగి పరీక్షించగల మనిషి ఆ వీధివారికి ముందే తెలిసినదై ఉండాలి.

ఇంకొక మేలు భాషది. నేతగాళ్ల వీధుల్లో ఇంట్లో తెలుగే మాట్లాడి, ఒడియా బాగా అర్థమైనా చదవడం రాని పెద్దవారు చాలామంది ఉన్నారు. బిల్లులో పాత బకాయి ఎంత, ఈ నెలది ఎంత అని ఆమె వేలుపెట్టి చూపించి, వచ్చీరాని తెలుగులోనైనా ఓపికగా చెప్పి, వారు సరేనన్నాకే డబ్బు తీసుకుంటుంది. ఈ ఓపికకు ఏ ప్రోత్సాహకమూ లేదు.

లోటు లేదని అనను. ఆమె వచ్చే వేళకు దుకాణాలకూ ఉద్యోగాలకూ వెళ్లినవారు ఇంట్లో ఉండరు. ఒకే ఇంటికి మళ్లీ మళ్లీ తిరగవలసి వస్తుంది, ఆ తిరుగుడుకు వేరే లెక్క ఉండదు. ఫిర్యాదు ఏమైందో తిరిగి చెప్పే ఏర్పాటు లేకపోవడం వల్ల, తన చేతిలో లేని ఆలస్యానికి కూడా ఆమే మాట పడుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించినది సన్మానం పేరుతో జరిగే తంతు. ఒక సభలో జలసాథులనూ, చెత్తను తడి పొడి విడదీయమని ఇంటింటికీ చెప్పే స్వచ్ఛసాథులనూ వరుసగా నిలబెట్టి శాలువాలు కప్పారు. అతిథుల పేర్లన్నీ బిరుదులతో సహా చదివారు కానీ, వీరిలో ఒక్కరి పేరు కూడా మైకులో చెప్పలేదు. ఏ వీధి ఎవరు చూస్తున్నారో చెప్పని సన్మానం వల్ల మర్నాడు ఆమె తలుపు తట్టినప్పుడు ఒరిగేదేమీ లేదు. వీధి మొదట్లో ఒక బోర్డు పెట్టి, ఆమె సంఘం పేరు, వచ్చే రోజు రాయండి. ఆమెకు రావలసిన వాటా ఏ నెలకా నెల అందేలా చూడండి. ఎండాకాలానికి గొడుగు, మంచి చెప్పులు ఇవ్వండి. రెండేళ్లకోసారి చైత్రంలో ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్రకు ఊరంతా కదిలి వస్తుంది. ఎండలో అంతమందికి నీళ్లందించే ఆ రోజుల్లో, యాత్ర జరిగే దేశీబెహరా వీధి జనం ముందు వీరిని పేరుపెట్టి పిలిచి గౌరవిస్తే, ఆ మర్యాద ఏ హాలులోనూ దొరకదు. ఆ యాత్రను నిలబెట్టింది ఇక్కడి తెలుగు నేతగాళ్ల కుటుంబాలే కాబట్టి, ఈ పని మొదలుపెట్టవలసిన బాధ్యత మన మీద కొంచెం ఎక్కువే ఉందని నా నమ్మకం.

సేవకు నేను ఐదు మార్కులకు నాలుగున్నర ఇస్తాను. గుర్తింపుకు ఒకటిన్నరకు మించి ఇవ్వలేను, అది మన ఊరివారందరికీ కలిపి. కొత్తగా ఈ ఊరికి వచ్చిన తెలుగువారు కుళాయి కనెక్షనుకు దళారులను వెతకవద్దు. వీధిలో అడిగితే జలసాథి ఎవరో చెబుతారు. డబ్బు ఇచ్చిన వెంటనే యంత్రం నుంచి వచ్చే రసీదు తప్పక తీసుకోండి. నీటి పరీక్ష చేయమని మీరే అడగండి, ఆమె సంతోషంగా చేస్తుంది. ఎండపూట వస్తే నీడన కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి, పేరు అడిగి తెలుసుకోండి.