వైజాగ్‌లో మిరపకాయ ఏల్: ఎక్కడ దిగాం, దేనితో తాగాం

12 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు మన వైన్ షాపుల్లో దొరకదు. మన దేశంలో స్ట్రాంగ్ బీరుకి ఉన్న హద్దే 8 శాతం. అందుకే అమెరికాలో ఉండే మా అన్నయ్య సింగపూర్ మీదుగా నేరుగా వైజాగ్‌లో దిగుతున్నాడని, కస్టమ్స్ ఒప్పుకునే 2 లీటర్ల లోపే అలాంటి బీరు రెండు సీసాలు తెస్తున్నాడని తెలియగానే విజయవాడలో రత్నాచల్ ఎక్కేశాను. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్న భోజనానికి వైజాగ్‌లో ఉంటాం. ఈ దారికి నా ఓటు ఎప్పుడూ దానికే.

సీసాలో ఉన్నది ఏల్ అనే రకం బీరు, బోర్బన్ అనే అమెరికా విస్కీ పోసి తీసిన పీపాల్లో మిరపకాయలతో మాగబెట్టినది. ఈ రకంలో బాగా పేరున్నది కాలిఫోర్నియాలోని స్టోన్ బ్రూయింగ్ వాళ్ళది. తమ డబుల్ బాస్టర్డ్ ఏల్‌నే ఇలా మాగబెట్టి 2013లో ‘పనిష్‌మెంట్’ అని వదిలారు. అన్నయ్య తెచ్చింది వాళ్ళది కాదు, అదే పద్ధతిలో ఒక చిన్న బ్రూవరీ చేసినది.

ముందు బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో దిగాం. కిటికీ తీస్తే సముద్రమే, టిఫిన్ కూడా బాగుంది. కానీ చెక్-ఇన్‌కి చాలాసేపు కూర్చోబెట్టారు, గది ఏసీ రాత్రంతా మోగుతూనే ఉంది. బయటి సీసా రెస్టారెంట్లో తెరవనివ్వరు. అది వాళ్ళ రూలు, తప్పు పట్టను. గదిలోనేమో నీళ్ళ గ్లాసులు తప్ప ఏమీ లేవు. ఇలాంటి ఏల్‌కి కింది భాగం వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉండే గ్లాసు కావాలి, లేకపోతే వాసన సగం గాలికే పోతుంది. జగదాంబ సెంటర్ దగ్గర లాడ్జి చవకే, తిండికి ఢోకా లేదు, కానీ హారన్ల మధ్య కూర్చుని రుచి చూసే సరుకు కాదిది. బీచ్‌లో తాగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బహిరంగంగా తాగితే కేసు, పైగా పగిలిన సీసాలు ఇసుకలో నడిచే పిల్లల కాళ్ళకే గుచ్చుకుంటాయి.

మర్నాడు రుషికొండ వైపు ఒక హోమ్‌స్టేకి మారాం. బాల్కనీ, చిన్న వంటగది, ఫ్రిజ్, అన్నీ ఉన్నాయి. మేడ కింద ఉండే ఓనరమ్మకి ముందే చెప్పి అడిగాం. “గొడవ చెయ్యకుండా తాగండి బాబూ, పెరుగు కావాలంటే అడగండి” అన్నారు. ఆ పెరుగు తర్వాత నిజంగానే పనికొచ్చింది. ఊళ్ళోంచి ఆటోకి బాగానే అవుతుంది, రాత్రి పొద్దుపోయాక దొరకడమూ కష్టం. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను.

సీసాని తాగడానికి అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీశాం. చల్లగా గడ్డకట్టినట్టుంటే పీపా రుచి తెలియదు. రంగు ముదురు ఎరుపు, దీపానికి ఎదురుగా పెడితే అంచుల్లో రాగి రంగు. నురగ పెద్దగా లేవలేదు, లేచింది కూడా నిమిషంలో అణిగిపోయింది. వాసన చూస్తే ముందు వెనిలా, తర్వాత కాల్చిన చెక్క, అన్నిటికీ అడుగున ఎండుమిర్చి తొడిమ తుంచినప్పుడు వచ్చే ఘాటు. బోర్బన్‌ని చట్టప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పోయాలి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బోర్బన్‌కి పనికిరాదు గనక ఏల్ చేసేవాళ్ళు కొనుక్కుంటారు. ఆ వెనిలా అంతా ఆ చెక్కదీ, అందులో ఇంకిన విస్కీదీ.

మొదటి గుక్కలో కారమే తెలియలేదు. బెల్లం పాకం కాస్త ముదిరినప్పటి తీపి, వెంటనే చిన్న చేదు. మింగాక మొదలైంది. నాలుక కొసన కాదు, గొంతు వెనక. అక్కణ్ణించి చెవులదాకా పాకింది. అన్నయ్య మాట్లాడకుండా గ్లాసు కింద పెట్టేశాడు. ఆవకాయ, పచ్చిమిర్చి పచ్చడి తిని పెరిగిన నోళ్ళే మావి, కానీ మన కారానికి పక్కన అన్నం, నెయ్యి ఉంటాయి. ఇక్కడ అడ్డం ఏమీ లేదు. పైగా కారాన్ని పసిగట్టే నరాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. నీళ్ళు తాగితే ప్రయోజనం లేదు, కారం నీళ్ళలో కరగదు. పెరుగులోని ప్రోటీను మాత్రం దాన్ని పట్టి లాక్కుపోతుంది. ఓనరమ్మ గిన్నె అప్పుడు పైకొచ్చింది.

తోడుగా రొయ్యల వేపుడు తెచ్చుకున్నాం, అది కుదరలేదు. కారం మీద కారం పడి ఏల్ రుచి మునిగిపోయింది. వేయించిన జీడిపప్పు పరవాలేదు. అసలు జత మాడుగుల హల్వా! గోధుమపాలు, నెయ్యి కలిసిన ఆ మెత్తదనం గొంతులో మంటని చల్లార్చి, పీపా తీపిని పైకి తెచ్చింది. చిన్న ముక్క, చిన్న గుక్క, కాసేపు ఆగడం. ఇద్దరికీ ఒక్క సీసానే ఎక్కువ. రెండోది తెరవలేదు, ఇంత ఘాటు ఏల్ చీకట్లో, చల్లటి చోట ఏళ్ళ తరబడి నిలవుంటుంది.

తిరుగు ప్రయాణం ముందు ఊళ్ళో ఒక మైక్రోబ్రూవరీకి, అంటే బీరు అక్కడే తయారుచేసి పోసే చోటికి కూడా వెళ్ళాం. గోధుమ బీరు తాజాగా ఉంది, కుర్రాళ్ళు అడగ్గానే రుచికి చిన్న గ్లాసుల్లో పోసిచ్చారు, బిల్లు న్యాయంగానే వచ్చింది. మిరపకాయతో ఏదైనా చేస్తారా అని అడిగితే అలాంటిదేమీ లేదన్నారు. గుంటూరు సన్నం మన రాష్ట్రంలోనే పండుతుంది, అనకాపల్లి బెల్లం గంట దూరంలో ఉంది. 12 శాతం అక్కర్లేదు, 6 శాతంలో ఒక ఎర్ర ఏల్ చేసి అందులో నాలుగు ఎండుమిర్చి వేస్తే చాలు, దాని కోసమే మళ్ళీ రైలెక్కుతాను.