చవక స్లింగ్ కెమెరా బ్యాగు: మెత్తలు సరే, జిప్పు సంగతేంటి?

ముందే చెప్పేస్తున్నా, ఈ బ్యాగు మీద నాకు కోపం ఉంది. మొత్తం బ్యాగు మీద కాదు, దాని జిప్పు మీద. తక్కువ ధరలో కెమెరా బ్యాగు ఏది బాగుంటుందని ఎవరిని అడిగినా లోపల ఎన్ని అరలున్నాయి, మెత్త ఎంత మందం, ట్రైపాడ్ కట్టుకోవడానికి పట్టీ ఉందా అన్నవే చెబుతారు. అరలు పాడైపోయి మూలన పడేసిన కెమెరా బ్యాగును నేనింతవరకు చూడలేదు. పోయేదెప్పుడూ జిప్పే.

పేరు చెప్పి లాభం లేదు. ఆన్‌లైన్‌లో పదిహేను వందల లోపు దొరికే నల్ల స్లింగ్ బ్యాగుల్లో ఇదొకటి. లేబుల్ కోసేస్తే ఏది ఏ కంపెనీదో అమ్మినవాడు కూడా చెప్పలేడు. ఒకే పట్టీ. మామూలుగా వీపు మీద ఉంటుంది, లాగితే ఛాతీ మీదకి తిరుగుతుంది, పక్కనున్న మూత తెరిస్తే కెమెరా చేతికొస్తుంది. నా దగ్గరున్నవి కేనన్ 200డీ కెమెరా, దాంతో పాటు వచ్చిన 18-55 చిన్న లెన్స్, తర్వాత డబ్బులు కూడబెట్టి కొన్న 55-250, అంటే దూరంగా ఉన్నవి తీసే లెన్స్. ఉండేది విజయవాడలో కాబట్టి పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి చేరే చోట్లకే తిరుగుతుంటాను: ఉండవల్లి, కొండపల్లి, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, బందరు వైపు వెళ్తే మంగినపూడి, పక్షులొచ్చే కాలంలో కొల్లేరు.

కొన్న కొత్తలో ఈ బ్యాగును తెగ పొగిడాను. స్నేహితులిద్దరి చేత కొనిపించాను కూడా. ఎందుకంటే కింద పెట్టకుండా కెమెరా తీయొచ్చు. ఈ సుఖం ఎంతో తెలియాలంటే ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభస్వామి ముందు నిలబడి చూడాలి. లోపల వెలుతురు తక్కువ, వెనక జనం తోసుకొస్తుంటారు, బ్యాగు దించి నేల మీద పెట్టి విప్పే వీలుండదు. స్లింగు ఉంటే ముందుకు తిప్పుకుని, నిలబడినచోటే లెన్స్ మార్చుకోవచ్చు. బస్సులో కిక్కిరిసి ఉన్నా అంతే, బ్యాగు గుండెల మీదే ఉంటుంది, ఎవరి చెయ్యి పడుతుందో అన్న టెన్షన్ లేదు. పైగా చూడ్డానికి కెమెరా బ్యాగులా ఉండదు, ఆఫీసుకు బాక్సు పట్టుకెళ్లేవాడి సంచిలా ఉంటుంది. నాకు అది నచ్చింది.

ఇక కొల్లేరు.

కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రంలో పడవ ఎక్కిస్తారు. చెరువు మధ్యలో ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి, పడవ వాటి పక్క నుంచి వెళ్తుంది. 18-55 బ్యాగులో పెట్టి, జిప్పు చివరిదాకా లాగి, 55-250తో ఫొటోలు తీసుకుంటున్నాను. జిప్పు వేసిన మాట నాకు బాగా గుర్తు, టక్కున ఆగేదాకా లాగాను. కాసేపటికి గూడబాతుల గుంపు ఒకటి బాగా దగ్గరికొచ్చింది. ఇంత దగ్గరకి చిన్న లెన్సే కావాలని బ్యాగును ముందుకు తిప్పాను. తిప్పుతుండగానే 18-55 పడవ అడుగున పడింది. జిప్పు లాగే ముక్క చివర్న ఉన్నచోటే ఉంది. దాని వెనక జిప్పు జానెడు మేర విచ్చుకుని ఉంది.

పడవ అడుగున చారెడు నీళ్లున్నాయి. పడవాయన తెడ్డు వదిలేసి నాకంటే ముందే వంగి లెన్స్ తీసి, తన తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. "దేవుడి దయ సారూ, అవతల పడుంటే నేనూ ఏం చెయ్యలేను" అన్నాడు. లెన్స్ ముందు రక్షణగా బిగించిన యూవీ ఫిల్టర్ పగిలి దాని చుట్టు నొక్కుకుపోయింది, లెన్స్ అద్దానికి మాత్రం ఏమీ కాలేదు. నొక్కుకుపోయిన ఫిల్టర్ ఊడదీయడానికి తర్వాత షాపులో ఇచ్చిన డబ్బులు ఫిల్టర్ ఖరీదు కంటే ఎక్కువ. ఆ రోజు మిగతా షికారంతా బ్యాగు మూతను అరచేత్తో నొక్కి పట్టుకుని కూర్చున్నాను. గూడబాతుల ఫొటోలు ఎలా వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

కంపెనీవాళ్లకు ఫొటోలతో సహా మెయిల్ పెట్టాను. వారంటీ తయారీ లోపాలకే, జిప్పు వాడకంలో అరిగేది కాబట్టి అందులోకి రాదని జవాబు. ఆ బ్యాగులో మెత్తలు, గుడ్డ, దారం ఏవీ అరగలేదు, ఒక్క జిప్పే అరిగింది. అది వాడకం తప్పా, తయారీ తప్పా? వాళ్ల లెక్క వాళ్లది.

అసలు సంగతి చెప్పింది వన్‌టౌన్‌లో సూట్‌కేసులు, స్కూలు బ్యాగులు బాగుచేసే పెద్దాయన. బ్యాగు చూడగానే "జిప్పుకేం కాలేదు బాబూ, రన్నర్ పోయింది" అన్నాడు. రన్నర్ అంటే మనం పట్టుకుని లాగే ముక్క. దానికి పైనొక రేకు, కిందొక రేకు ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఇరుకు సందులోంచి వెళ్లేటప్పుడు అటూ ఇటూ పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇసుక, ఉప్పు చేరి లోపలి అంచు అరిగితే సందు వెంట్రుకవాసి పెరుగుతుంది. అప్పుడు పళ్లు కలిసినట్టే కనిపిస్తాయి గానీ పట్టు ఉండదు, రన్నర్ దాటిపోయాక వెనక నుంచి విడిపోతాయి. నాది సరిగ్గా అదే. అంతకుముందు మంగినపూడి బీచిలో తిరిగినప్పుడే రన్నర్ కరకరలాడటం మొదలైంది.

"సముద్రం దగ్గరికెళ్లావా?" అని ఆయనే అడిగాడు. నేను చెప్పకుండానే.

రన్నర్ తిప్పి వెనక వైపు చూపించాడు, 5 అని అచ్చు ఉంది. జిప్పు సైజు అది. పళ్లు మూసుకున్నప్పుడు వాటి వెడల్పు ఇంచుమించు అన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. ప్యాంట్లకు, పర్సులకు వేసేది 3, మామూలు బ్యాగులకు 5, బరువు మోసే పెద్ద బ్యాగులకు 8, 10. నా స్లింగులో బ్యాగు వీపు మీద వాలి ఉన్నప్పుడు సామాను బరువంతా ఆ పక్క మూత మీదే పడుతుంది. నీళ్ల సీసాతో కలిపి రెండు కిలోల పైమాటే. అంత బరువు పడే మూతకు 5 నంబరు జిప్పు, అదీ గుండ్రంగా మూల తిరిగేచోట! ఎక్కువ గుంజుడు పడేది ఆ మలుపులోనే. వేలు పెట్టి చూస్తే అక్కడి పళ్లు కాస్త వంగి ఉన్నాయి కూడా.

మొదట ముప్పై రూపాయలకు రన్నర్ ఒక్కటే మార్చాడు. అది కొంతకాలం నడిచింది, మళ్లీ మలుపు దగ్గర విడిపోవడం మొదలుపెట్టింది. రెండోసారి తీసుకెళ్తే పాతది మొత్తం విప్పి 8 నంబరు జిప్పు కుట్టాడు, పైగా అడిగీ అడగకుండానే మూత మీద అడ్డంగా చిన్న ప్లాస్టిక్ బకిల్ పట్టీ ఒకటి వేశాడు. "జిప్పు మోసం చేసినా ఇది ఆపుద్ది" అన్నాడు. ఖరీదైన స్లింగుల్లో కొన్నింటికి ఇలాంటి పట్టీ కంపెనీవాళ్లే వేస్తారు. రెండు రిపేర్లూ కలిపితే బ్యాగు ఖరీదులో ఆరో వంతు కూడా అవలేదు. ఇప్పుడు బ్యాగు కొన్నప్పటి కంటే గట్టిగా ఉంది. అందుకే నా కోపం ఇంకా ఎక్కువైంది. ఇంత తక్కువ ఖర్చుతో అయ్యే పని ఫ్యాక్టరీలో ఎందుకు చెయ్యరు?

బీచికి వెళ్లొస్తే ఇప్పుడు జిప్పును పాత టూత్‌బ్రష్‌తో మంచినీళ్లు పెట్టి కడిగి, ఆరాక కొవ్వొత్తి ముక్క రుద్దుతున్నాను. హాయిగా జారుతుంది.

జిప్పు బాగయ్యాక మిగతావి కనబడటం మొదలయ్యాయి. ఒంటి పట్టీ కదా, కొండపల్లి ఖిల్లా ఎక్కి దిగేసరికి ఎడమ భుజం మెడ దాకా లాగేస్తుంది. ఉండవల్లిలో గంట తిరిగినప్పుడు ఇది తెలియదు. బైకు మీద వెళ్తే మలుపుల్లో దానంతటదే పక్కకు జారుతుంది. మొదట్లో నేను పొగిడిన ఆ 'తిప్పుకోవడం' ఇదే, కావాల్సినప్పుడు వరం, వద్దన్నప్పుడు ఇబ్బంది. రెయిన్ కవర్ రాలేదు, బట్టల షాపులో ఇచ్చిన పెద్ద పాలిథిన్ సంచి మడిచి ముందు అరలో పెట్టుకుంటున్నాను. ఇంకొకటి, వానలో తడిస్తే మెత్తల లోపలి ఫోమ్ ఓ పట్టాన ఆరదు. మన కోస్తా ఉక్కలో ఆ చెమ్మలో లెన్సులు వదిలేస్తే ఫంగస్ పట్టడానికి ఎక్కువ కాలం అక్కర్లేదు. ఇంటికి రాగానే కెమెరా తీసి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టేస్తాను. బ్యాగు ఖాళీగా కొక్కేనికి వేలాడుతుంది.

మరి కొనొచ్చా అంటే, మీరెవరితో వెళ్తారన్నదాన్ని బట్టి. నేను ఎక్కువగా ఒక్కడినే వెళ్తాను, రెండు లెన్సులతో సరిపెట్టుకుంటాను, మధ్యాహ్నం ఏదో హోటల్లో తింటాను. నాకిది సరిపోయింది, మళ్లీ కొనాల్సొచ్చినా స్లింగే కొంటానేమో. మా ఆవిడ, పిల్లాడు వచ్చినప్పుడు మాత్రం ఇది ఇంట్లోనే ఉంటుంది. పులిహోర డబ్బా, పిల్లాడి బట్టలు, రెండు నీళ్ల సీసాలు ఇందులో ఎక్కడ పడతాయి? నాతో పాటు ఇదే కొన్న స్నేహితుడు దీన్ని పక్కన పెట్టేసి, ఇంట్లో ఉన్న పాత కాలేజీ బ్యాగులోకి మెత్తటి కెమెరా ఇన్సర్ట్, అంటే లోపల దూర్చుకునే మెత్తల అర, ఒకటి కొనుక్కున్నాడు. ఆరేడు వందల్లో అయిపోయింది. రెండు భుజాల మీద బరువు పడుతుంది, పైన టిఫిన్ బాక్సు కూడా పడుతుంది. కెమెరా తీయాలంటే మాత్రం ప్రతిసారీ బ్యాగు దించాల్సిందే. కుటుంబంతో తిరిగేవాళ్లకు నేనూ అదే చెబుతున్నాను.

స్లింగే కావాలనుకుంటే వీలైతే షాపుకెళ్లి కొనండి. ఉన్న సామానంతా లోపల పెట్టి, జిప్పు మూసి, మలుపు దగ్గర రెండు వేళ్లతో విడదీయబోయి చూడండి. రన్నర్ తిప్పి అంకె చూడండి. ఆన్‌లైన్లో మెత్తల ఫొటోలు పది పెడతారు గానీ రన్నర్ వెనక వైపు చూపించే ఫొటో నాకింతవరకు ఒక్కటీ కనబడలేదు.