బైరాయిట్: గైడుకిచ్చిన 120 యూరోలు, తోటలో ఉచితంగా చదివిన చరిత్ర

జర్మన్ సంగీతకర్త రిచర్డ్ వాగ్నర్ నాటకాలతో ఏటా ఉత్సవం జరిగే జర్మనీ పట్టణం బైరాయిట్‌కు వెళ్లే తెలుగువారికి ముందుగా చెప్పవలసిన మాట, అక్కడ ప్రైవేటు గైడును మాట్లాడుకోవద్దు. మ్యూనిక్‌లో స్థిరపడిన మా అక్క, బావగారితో కలిసి వెళ్లాను. రెండు గంటలకు 120 యూరోలు పుచ్చుకున్న ఆ గైడు మీద కోపం ఇంకా చల్లారలేదు.

రైలు ప్రయాణం సుఖంగా సాగింది. స్టేషను నుంచి కొండ మీది ఉత్సవశాల నడకదూరమే.

వాగ్నర్ సంగీత నాటకాల కోసం కట్టి 1876లో ప్రారంభించిన ఆ శాల ముందు మమ్మల్ని నిలబెట్టి, వాద్యబృందం ప్రేక్షకులకు కనబడకుండా వేదిక కింద ఎలా కూర్చుంటుందో గైడు గంటసేపు వర్ణించాడు. నాజీల కాలంలో ఇక్కడ ఏం జరిగిందని బావగారు అడిగితే, అవి కష్టకాలమని ఒక్క ముక్కలో తేల్చేశాడు. బావగారు ఆ తర్వాత నోరు విప్పలేదు.

అది ఒక్క ముక్కలో తేలే విషయం కాదు. వాగ్నర్ కొడుకు సీగ్‌ఫ్రీడ్ 1930లో మరణించాక ఉత్సవాన్ని నడిపిన అతడి భార్య వినిఫ్రెడ్ వాగ్నర్, 1923 నుంచే హిట్లర్‌కు ఆప్తురాలు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఉత్సవానికి నిధులు అందాయి, ప్రతిష్ఠ పెరిగింది, దానితోపాటు పార్టీ జెండాలూ వచ్చాయి. యూదు కళాకారులకు జరుగుతున్న అన్యాయానికి నిరసనగా 1933లో ఇటలీ వాద్యబృంద నిర్దేశకుడు టోస్కనీని రానని చెప్పేస్తే, వాగ్నర్ నాటకం ‘పార్సిఫాల్’కు అతడి బదులు జర్మన్ సంగీతకర్త రిచర్డ్ స్ట్రాస్ నిర్దేశకత్వం వహించాడు. 1940 నుంచి 1944 వరకు జరిగిన యుద్ధకాలపు ఉత్సవాలకు గాయపడిన సైనికులను, ఆయుధ కర్మాగారాల కార్మికులను నాజీ సంస్థే రప్పించి కూర్చోబెట్టింది.

ఇదంతా మాకు తెలిసింది గైడు వెళ్లిపోయాకే. శాల కింది తోటలో, 2012 నుంచి, ‘మూగబోయిన గొంతులు’ అనే ప్రదర్శన తాలూకు బూడిదరంగు నిలువు ఫలకాలున్నాయి. ఒక్కో దానిపై వేధింపులకు గురైన ఒక్కో కళాకారుడి ఫొటో, జీవితకథ. ఇక్కడే పాడిన హెన్రియెట్ గాట్‌లీబ్ 1942లో పోలండ్‌లోని వూడ్జ్‌లో, యూదులను నిర్బంధించిన ఘెట్టోలో మరణించింది. మరో గాయని ఒటిలీ మెట్స్‌గర్-లాటర్‌మాన్‌ను ఔష్విట్జ్ నాజీ మృత్యుశిబిరంలో చంపారు. ఈ ఫలకాల నడుమనే, హిట్లర్ మెచ్చిన శిల్పి ఆర్నో బ్రెకర్ చెక్కిన వాగ్నర్ తల నిలబడి ఉంది. చిన్ననాటి నుంచి సంగీతం నేర్చుకున్న మా అక్క ఒక్క ఫలకాన్నీ వదలకుండా చదివింది, భోజనం మాట ఎత్తినా కదలలేదు. దీనికి టికెట్ లేదు.

మర్నాడు వాగ్నర్ నివాసమైన వాన్‌ఫ్రీడ్ మ్యూజియం చూశాం. పక్కనున్న సీగ్‌ఫ్రీడ్ ఇంట్లో 1936 నుంచి 1938 వరకు ఉత్సవాలకు వచ్చిన హిట్లర్ బస చేసేవాడు. వాగ్నర్ కుటుంబానికీ నాజీలకూ ఉన్న సంబంధాన్ని ఆ ఇంట్లోనే దాపరికం లేకుండా చూపించారు. సమయం తక్కువైతే ప్రధాన భవనాన్ని త్వరగా ముగించి, ఉన్న సమయం సీగ్‌ఫ్రీడ్ ఇంట్లో పెట్టండి.

బస మాత్రం ఉత్సవాల రోజుల్లో అక్కడ వద్దు. కిటికీ తెరుచుకోని గదికి రాత్రికి 189 యూరోలు తీసుకుని, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా అల్పాహారానికి మనిషికి 18 చొప్పున బిల్లులో కలిపారు. శాకాహారి అయిన అక్కకు దక్కింది రొట్టె, జున్ను. గంట రైలుదూరంలోని న్యూరెంబర్గ్‌లో బస చేసి, ఉదయాన్నే బయలుదేరి, మొదట తోట, తర్వాత సీగ్‌ఫ్రీడ్ ఇల్లు చూడండి. ఓపిక మిగిలితేనే ఉత్సవశాల.